బొమ్మకు ప్రాణము పోసిన వైద్యుడు: తెజుకా ఒసాము

నేటి బాలబాలికలకు జపాను దేశపు బొమ్మలకథలు క్రొత్తవి కావు. టెలివిజను తెరపైనను, పుస్తకముల అట్టలపైనను, బడిసంచులపైనను ఆ బొమ్మలు మనకు నిత్యము కనిపించుచునే యున్నవి. ఒకమారు చూచినవారు వానిని మరల గుర్తుపట్టగలరు. చిన్న దేహము, దానిపై పెద్ద తల, ముఖములో సగము నాక్రమించిన కన్నులు, కంటిపాపలో తళుక్కుమను తెల్లని చుక్క, ఉన్నదో లేదో తెలియని ముక్కు, చిన్న గీతవంటి నోరు: ఇదియే వాని రూపము. లోకములో ఏ మనుష్యుడును ఇట్లుండడు. అయినను ఆ బొమ్మ నవ్వినచో మనము నవ్వుదుము. అది యేడ్చినచో మన కన్నులు చెమర్చును. లోకమున లేని రూపమును చూచి నిజమైన దుఃఖమును పొందుట ఎట్లు సాధ్యమయ్యెను?

బొమ్మలకథను జపానీయులు మాంగా అందురు. ముద్దులొలుకు రూపమును కవాయీ అందురు. ఆ ముద్దుబొమ్మకు గాయపడు దేహమును, దుఃఖించు హృదయమును ఇచ్చినవారిలో అగ్రగణ్యుడు తెజుకా ఒసాము. ఆయన జీవితమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియజేయుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఒసాము 1928వ సంవత్సరము నవంబరు 3వ తేదీన ఒసాకా నగర సమీపమున నున్న తొయొనాకా పట్టణమున జన్మించెను. తెలుగువారివలెనే జపానీయులును ఇంటిపేరును ముందు చెప్పుకొందురు. తెజుకా అనునది ఇంటిపేరు. ఒసాము అనునది పెట్టినపేరు. ఆతడు తలిదండ్రులకు జ్యేష్ఠపుత్రుడు. తరువాత ఒక తమ్ముడును, ఒక చెల్లెలును కలిగిరి. ఆతనికి అయిదేండ్ల వయస్సున ఆ కుటుంబము తకరజుకా అను పట్టణమునకు కాపురము మార్చెను.

తకరజుకాలో వేడినీటి ఊటలు కలవు. వానికంటె ప్రసిద్ధమైన నాటకసమాజము కలదు. 1914లో ప్రదర్శనలు ప్రారంభించిన ఆ సమాజమున పురుషపాత్రలను సైతము స్త్రీలే ధరింతురు. ఒసాము తల్లికి ఆ నాటకములన్న మిక్కిలి ప్రీతి. ఆమె కుమారుని వెంటబెట్టుకొని తరచుగా ప్రదర్శనలకు పోవుచుండెడిది. కాటుకతో పెద్దవిగా తీర్చిన నటీమణుల కన్నులు రంగస్థల దీపముల కాంతిలో మెరయుచుండగా ఆ బాలుడు రెప్పవాల్చక చూచుచుండెడివాడు. ఆ మెరపును ఆతడు జీవితాంతము మరువలేదు.

తండ్రి ఒక కంపెనీ ఉద్యోగి. ఆయన ఇంటిలో చలనచిత్రములు చూపు చిన్న యంత్రమును ఉంచుకొనెను. దాని సహాయమున చార్లీ చాప్లిన్ హాస్యచిత్రములను, వాల్ట్ డిస్నీ చేసిన మిక్కీ ఎలుక చిత్రములను పిల్లలు ఇంటనే చూచిరి. ఆ ఇంట బొమ్మలకథల పుస్తకములకును కొదువ లేదు. సైన్యములో చేరిన ఒక నల్లకుక్క కథయైన నొరకురో ఆ కాలమున జపాను బాలురకు ప్రాణము. తల్లి ఆ పుస్తకములను చేతబట్టి, ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క గొంతు పెట్టి పిల్లలకు చదివి వినిపించెడిది. బొమ్మ మాటాడునని ఒసాము మొదట నేర్చినది ఆ తల్లి ఒడిలోనే.

బడిలో మాత్రము ఆతనికి సుఖము లేదు. ఆతడు పొట్టివాడు, బక్కపలుచని వాడు, కన్నులకు అద్దములు పెట్టుకొన్నవాడు. అన్నిటికంటె మించి ఆతని జుట్టు ఉంగరములు తిరిగి యుండెను. తోటి బాలురు ఆ జుట్టును వెక్కిరించుచు పాట కట్టి పాడెడివారు. కొట్లాటకు శక్తి చాలని ఆ బాలుడు తనకు తెలిసిన ఒకే విద్యను ఆశ్రయించెను. నోటుపుస్తకముల నిండ బొమ్మలకథలు గీసెను. వానిని చూచిన బాలురు వెక్కిరించుట మాని తరువాతి పుటకై ఎదురుచూడసాగిరి. ఉపాధ్యాయులును వానిని చదివిరి. వ్యాసరచన బోధించిన ఇనూయి అను ఉపాధ్యాయుడు ఆతనిని మందలించుటకు మారుగా ప్రోత్సహించెను. ఇంటికి వచ్చు సహాధ్యాయుల సంఖ్య పెరిగెను. వారికి ఫలహారములు పెట్టుట తల్లికి నిత్యకృత్య మయ్యెను.

బొమ్మల తరువాత ఆతనికి ప్రియమైనవి పురుగులు. తకరజుకా పరిసరములలోని కొండలలో తిరిగి సీతాకోకచిలుకలను, పేడపురుగుల జాతివానిని సేకరించి, ఒక్కొక్కదాని రెక్కలను, కాళ్ళను, మీసములను తప్పు లేకుండ చిత్రించుచుండెను. జపాను భాషలో ఒసాముషి అను పేరుగల నేలపురుగు ఒకటి కలదు. తన పేరునకును దాని పేరునకును గల పోలికకు మురిసిపోయి ఆ బాలుడు తన పేరు వ్రాయునపుడు ముషి, అనగా పురుగు, అను అక్షరమును చివర చేర్చుకొనెను. ఉచ్చారణ మారలేదు, వ్రాత మాత్రమే మారెను. లోకమున కెల్ల తెలిసిన ఆయన సంతకము ఆ పురుగుతో కూడినదే. పురుగును ఉన్నదున్నట్లు గీయగలవాడే తరువాత మనుష్యుని లేనట్లు గీసెనన్నది మనము గుర్తుంచుకొనవలెను. చేతకాక చేసిన వికృతి వేరు. చేతనై యుండి కోరి చేసిన అతిశయము వేరు.

ఇంతలో యుద్ధము వచ్చెను. చదువులు మూలబడెను. బొమ్మలకథలు గీయువానిని దేశభక్తి లేనివానిగా చూచు కాలమది. 1944లో బాలురను దృఢకాయులను చేయుటకై నడపిన ఒక శిబిరమునకు ఒసామును పంపిరి. అచ్చటి మురికిలో ఆతని రెండు చేతులకును చర్మవ్యాధి సోకి వాచిపోయెను. మరికొంత ఆలస్యమైనచో చేతులు పోయెడి స్థితి యేర్పడెను. ఒసాకా వైద్యశాలలో ఒక వైద్యుడు ఆ చేతులను కాపాడెను. తానును వైద్యుడు కావలెనని ఆ బాలుడు అప్పుడు నిశ్చయించుకొనెను.

1945వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఒసాకాలోని ఒక సినిమాశాలలో, ఇంచుమించు ఖాళీ కుర్చీల నడుమ కూర్చుండి, ఆతడు మొమొతారో కథ ఆధారముగా నిర్మించిన కదలు బొమ్మల చిత్రమును చూచెను. అది సైన్యప్రచారమునకై తీసిన చిత్రము. అయినను గాలిలో తేలు పూలపుప్పొడిని, ఆడుకొను జంతువులను చూచినప్పుడు ఆ యువకునికి కన్నీరాగలేదు. ఎన్నడైనను ఇట్టి చిత్రమును తాను తీయవలెనని అనుకొనెను. రెండు నెలలు గడవక ముందే, ఆతడు పనిచేయుచున్న ఆయుధకర్మాగారముపై బాంబులు కురిసెను. విమానముల రాకను కనిపెట్టు ఎత్తైన గోపురముపై నున్న ఒసాము ప్రాణములతో బయటపడెను. యొదొ నది ఒడ్డున శవములను చూచెను. ఈ దృశ్యము ఆయన కథలన్నిటికిని అడుగున నిలిచిపోయెను.

ఆ సంవత్సరముననే ఆతడు ఎవ్వరును అచ్చు వేయని ఒక బొమ్మలకథను గీసెను. అందులోని బాలుడు గుండ్రని తలగల హాస్యపు బొమ్మయే. ఆనాటి హాస్యచిత్రములలో బొమ్మ కొండపైనుండి పడినను, దానిపై బండి పోయినను, మరుక్షణమున లేచి దులుపుకొని పోవును. ఒసాము గీసిన బాలునిపై విమానము గుండ్లు కురిపించగా ఆ బొమ్మ దేహమునుండి రక్తము కారెను. కాగితపు బొమ్మకును నొప్పి కలదని చెప్పిన గీత అది. తెజుకా కళ అంతయు ఆ గీతనుండియే మొదలైనదని చెప్పవచ్చును.

ఆగస్టు 15వ తేదీన యుద్ధము ముగిసెను. ఎన్నో ఏండ్లుగా చీకటిలో మునిగియున్న ఒసాకాలో ఆ రాత్రి దీపములు వెలిగెను. ఆ వెలుగులను చూచిన ఒసామునకు తాను బ్రతికియున్నానను సంగతి అప్పుడే తెలిసినట్లు తోచెను. కాని శాంతికాలమునకును తన అవమానములు కలవు. ఒకనాడు వీధిలో ఎదురైన విదేశసైనికులు ఏదియో అడిగిరి. వారి మాట ఇతనికి తెలియలేదు, ఇతని మాట వారికి తెలియలేదు. వారు అతనిని కొట్టి పోయిరి. దెబ్బ మానినను దాని భావము మానలేదు. ఒకరి మాట ఒకరికి తెలియని రెండు జాతుల నడుమ పుట్టు ద్వేషమును గూర్చి ఆయన అటుపిమ్మట నలుబదియేండ్లు కథలు వ్రాసెను. ఇంట నొక భాష, వీధి నొక భాష వినుచు పెరుగు మన పిల్లలకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

1945లోనే తెజుకా ఒసాకా విశ్వవిద్యాలయమునకు చెందిన వైద్యపాఠశాలలో చేరెను. 1946 జనవరిలో ఒక బాలల పత్రికలో ఆయన మొదటి నాలుగుగడుల బొమ్మలకథ అచ్చయ్యెను. 1947లో వెలువడిన క్రొత్త నిధిదీవి అను పుస్తకము ఆయన పేరును దేశమంతట చాటెను. సకయి షిచిమా కూర్చిన కథకు తెజుకా బొమ్మలు గీసెను. ఆనాడు ఒసాకాలో చౌక కాగితముపై ఎఱ్ఱరంగు ప్రధానముగా అచ్చువేయు పిల్లల పుస్తకములను ఎఱ్ఱపుస్తకము లనెడివారు, ఇదియు అట్టిదే. ఇది నాలుగు లక్షల ప్రతులు అమ్ముడుపోయెనని చెప్పుదురు. కథ మొదలగుటతోడనే ఒక బాలుడు మోటారుకారులో రేవునకు దూసుకొని పోవును. ఆ పరుగును తెజుకా ఒక గడిలో ముగింపక, చలనచిత్రమువలె ఒకమారు దూరమునుండి, ఒకమారు దగ్గరనుండి గీసి గడి తరువాత గడిగా నడిపించెను. కదలని కాగితముపై కారు కదలినట్లు తోచి బాలురు విభ్రాంతులైరి.

మరుసటి సంవత్సరము వెలువడిన భూగర్భ దేశపు కథలో మిమియో అను కుందేలు కలదు. శాస్త్రజ్ఞులు దానికి మానవుని బుద్ధి నిచ్చిరి. మానవుని గౌరవము మాత్రము ఎవ్వరును ఇయ్యలేదు. చివరకు ఇతరుల కొరకు ప్రాణమర్పించుచు ఆ కుందేలు తాను మనిషిని అయితినా యని మిత్రుని అడిగి కన్నుమూయును. నిడుపైన చెవులు, గుండ్రని కన్నులు గల ముద్దుబొమ్మ చనిపోవుట జపాను బాలురు అంతకుముందు చూచి యెరుగరు. నవ్వించుటకు పుట్టిన రూపము వారిని ఏడ్పించెను.

చదువు, చిత్రలేఖనము అను రెండు పడవలపై కాళ్ళుంచిన కుమారుడు ఒకనాడు తల్లిని సలహా అడిగెను. రెంటిలో నీకు ఏది మిక్కిలి ఇష్టమని ఆమె అడిగెను; బొమ్మలే యని ఆతడు చెప్పెను; అట్లయిన అదే చేయుమని ఆమె నిశ్చింతగా చెప్పెను. వైద్యవృత్తికి గల గౌరవమును, బొమ్మలు గీయువారికి ఆనాడు గల చులకనను తలచినచో ఆ తల్లి ధైర్యము ఎంతటిదో తెలియును. అయినను తెజుకా చదువును సగములో విడువలేదు. 1951లో పట్టభద్రుడై, 1952లో వైద్యపరీక్షలో ఉత్తీర్ణుడయ్యెను. 1961లో వైద్యశాస్త్రమున డాక్టరు పట్టమును సైతము పొందెను. కాని ఆయన చికిత్స చేసినది కాగితముపైని రోగులకే.

1952లో ఆయన టోక్యో నగరమునకు చేరెను. తరువాత కొంతకాలము తొకివా అను చిన్న అద్దె మేడలో నివసించెను. ఆయన ననుసరించి యువచిత్రకారులు పలువురు ఆ మేడలోని ఇరుకు గదులలో చేరిరి. ఆయన ఖాళీచేసిన గదిలో దిగినవారు ఫుజికో ఫుజియో అను ఉమ్మడిపేరుతో ప్రసిద్ధులైన ఇరువురు మిత్రులు. వారిలో ఒకరే తరువాతి కాలమున నీలిరంగు పిల్లి దొరేమాన్‌ను సృష్టించెను. మన పిల్లలు ఎరిగిన ఆ గుండ్రని పిల్లికి తెజుకా శైలి మేనత్తవంటిది.

ఇక ఆయన సృష్టిలో కిరీటమనదగిన ఆటమ్‌ను గూర్చి చెప్పవలెను. 1951లో రాయబారి ఆటమ్ అను కథ వెలువడెను. ఆకాశమునుండి వచ్చిన ఒక జాతికిని భూమిపైని మానవులకును వైరము కలుగగా, రెండు పక్షములకును చెందని ఒక యంత్రబాలుడు వారి నడుమ రాయబారియై నిలుచును. మరుసటి సంవత్సరమునుండి 1968 వరకు ఇనుపబాహువుల ఆటమ్ అను పేర ఆ బాలుని కథలు బాలల మాసపత్రికలో సాగెను. మోటారు ప్రమాదమున కొడుకును పోగొట్టుకొన్న తెన్మా అను శాస్త్రజ్ఞుడు ఆ కొడుకు రూపున మరమనిషిని చేసెను. ఆటమ్‌కు లక్ష గుఱ్ఱముల బలము కలదు, ఎగురు శక్తి కలదు. లేనిది పెరుగుదల మాత్రమే. ఏండ్లు గడచినను వాడు అంతే పొడవు. అది చూచి కోపించిన తండ్రి వానిని సర్కసుకు అమ్మివేసెను. దయాళువైన ఒచనొమిజు అను శాస్త్రజ్ఞుడు వానిని చేరదీసెను.

ఎంత కాలమైనను పెరుగని పిల్లవాడు అనగా మరెవ్వరు? బొమ్మయే. కాగితముపై గీసిన ముద్దుబొమ్మ ఎన్నటికిని పెరుగదు. పెరుగలేకపోవుట అను ఆ బొమ్మగుణమునే తెజుకా ఆ బాలుని దుఃఖముగా మలచెను. ఆయన గొప్పతన మంతయు ఇందులో కలదు. వాని తలపై రెండు కొమ్ములవంటి జుట్టుకొనలు కలవు. వాడు ఎటు తిరిగినను, మిక్కీ ఎలుక చెవులవలె, రెండును కనిపించుచునే యుండును. నిజమైన తలకు ఇది అసాధ్యము. గుర్తుగా గీసిన తలకు సాధ్యము. తాను గీయునవి చిత్రములు కావనియు, అక్షరములవంటి గుర్తులనియు తెజుకా భావించెను. గుండ్రని కన్ను ఆశ్చర్యమునకు గుర్తు, అరమూసిన కన్ను సంతోషమునకు గుర్తు. అక్షరములను కూర్చి పదములు వ్రాసినట్లు ఆయన ఈ గుర్తులను కూర్చి మనుష్యులను వ్రాసెను. నాటకసమాజమున నటులు వేషములు మార్చినట్లు, ఒకే బొమ్మను వేరువేరు కథలలో వేరువేరు పాత్రలకు వాడుకొనెను. ఆయన చెల్లెలు చిన్ననాడు గీసిన మాసికల పందిబొమ్మ యొకటి, ఎంత గంభీరమైన సన్నివేశములోనైనను అకస్మాత్తుగా తొంగిచూచి పాఠకుని నవ్వించును.

1953లో ప్రారంభమైన రిబ్బను వీరుడు అను బాలికల కథలో చిన్ననాటి నాటకశాల తిరిగి వచ్చెను. పురుషులకు మాత్రమే సింహాసనము దక్కు రాజ్యమున పుట్టిన సఫాయర్ రాకుమారి, రాకుమారుని వేషమున కత్తి పట్టును. ఆమె పెద్ద కన్నులలో రంగస్థల దీపముల తళుకును తెజుకా నిలిపెను. బాలికల బొమ్మలకథలలో నక్షత్రములవలె మెరయు కన్నులు అటుపిమ్మట పరిపాటియైనవి. తెల్లసింహపు పిల్ల లియో కథ 1950నుండి 1954వరకు సాగెను. అందు చివరకు, మంచుకొండపై చలికి చచ్చుచున్న మిత్రుని బ్రతికించుటకై ఆ సింహము తన చర్మమును, మాంసమును ఇచ్చి మరణించును.

ఇట్టి కథలు వ్రాసినవానికి ఆనాటి పెద్దలు చేసిన సన్మానమేమి? 1955 ప్రాంతమున జపానులో చెడుపుస్తకములను బహిష్కరింపుడను ఉద్యమము చెలరేగెను. తలిదండ్రులును, ఉపాధ్యాయులును కలిసి బొమ్మలకథలను పోగుచేసి బడి ఆవరణలలో తగులబెట్టిరి. ఆ మంటలలో తెజుకా పుస్తకములును కాలెను. ఆయన నొచ్చుకొనెను గాని కలము దింపలేదు.

బాల్యమున కన్న కల ఇంకను మిగిలియుండెను. 1961లో ఆయన కదలు బొమ్మల నిర్మాణమునకు పూనుకొని, తన పురుగు పేరిట ముషి ప్రొడక్షన్ అను సంస్థను నడపెను. 1963 జనవరి 1వ తేదీన ఆటమ్ టెలివిజనులో కాలు పెట్టెను. వారము వారము అరగంట చొప్పున 1966 చివరివరకు 193 భాగములు ప్రసారమయ్యెను. ఆ సంవత్సరముననే ఆస్ట్రో బాయ్ అను పేర అమెరికాకును చేరెను.

ఇది ఎట్లు సాధ్యమైనదో చెప్పుట అవసరము. చలనచిత్రమున క్షణమునకు, అనగా సెకనునకు, 24 చిత్రములు తెరపై మారును. ప్రతిదానికిని క్రొత్త బొమ్మ గీయవలెనన్న ఒక వారమునకు పదివేల బొమ్మలును చాలవు. తెజుకా ఒక్కొక్క బొమ్మను మూడు చిత్రములపాటు నిలిపెను. దేహమును కదల్పక నోటిని మాత్రము కదల్చెను. ఎగురు ఆటమ్‌ను ఒకమారు గీసి భద్రపరచి మరల మరల వాడెను. దేహము కదలనపుడు భావమును మోయవలసినది ముఖమే, ముఖములో కన్నులే. తక్కువ గీతలు, పెద్ద కన్నులు గల రూపము ఈ పొదుపునకు సరిగా సరిపడెను. అయితే ఆయన తన చిత్రములను వ్యయమునకు చాలని వెలకు అమ్మెను. ఆ చౌకధర తరువాతివారికి మార్గమై, బొమ్మలు గీయు కార్మికుల జీతములు తక్కువగా నుండుటకు ఒక కారణమయ్యెనను విమర్శ కలదు. అది త్రోసివేయదగినది కాదు.

ఆయన యందు ఇతర లోపములును కలవు. ఒప్పుకొన్న పని అంతులేనిది. గడువునకు ఇచ్చుట అరుదు. పత్రికలవారు ఆయన ఇంట పగలును రాత్రియు కాచుకొని కూర్చుండెడివారు. తనకంటె చిన్నవారు క్రొత్తపుంతలు తొక్కినచో అసూయ కలిగెడిది. తాను నడపు పత్రికలో ఇషినొమొరి షోతారో గీయుచున్న జున్ అను కథ మాంగాయే కాదని ఆయన ఒక పాఠకునికి వ్రాసెను. అది తెలిసి నొచ్చుకొన్న ఇషినొమొరి కథను నిలిపివేయ దలచెను. తెజుకా స్వయముగా ఆతని ఇంటికి పోయి, తన అసూయను ఒప్పుకొని క్షమాపణ కోరెను. తప్పు చేయుట సామాన్యము; తనకంటె చిన్నవాని గడప త్రొక్కి ఒప్పుకొనుట అరుదు.

1957నుండి గెకిగా అను పేర మరియొక శైలి బలపడసాగెను. నిజమైన మనుష్యుల కొలతలతో, కరకు గీతలతో గీసిన ఆ కథలను యువకులు ఆదరించిరి. తెజుకా గుండ్రని బొమ్మలు చిన్నపిల్లలవని, పాతబడినవని అనసాగిరి. 1973లో ముషి ప్రొడక్షన్ దివాలా తీసెను. నలుబదియైదేండ్ల వయస్సున ఆయన కాలము ముగిసెనని పలువురు తలచిరి.

ఆ సంవత్సరము నవంబరులోనే బ్లాక్ జాక్ వెలువడెను. యుద్ధమున మిగిలిపోయిన బాంబు ప్రేలి బాల్యమున దేహము ముక్కలైన ఒక శస్త్రవైద్యుని కథ అది. అతని ముఖమున ఒక భాగము వేరు రంగు. నల్లజాతి రక్తము గల బాల్యమిత్రుడు ఇచ్చిన చర్మమది. దానిని మార్చుకొనుటకు అతడు అంగీకరింపడు. అతని ఇంట పినొకో అను చిన్నపిల్ల కలదు. పెద్ద తల, ముద్దుమాటలు గల ఆ బొమ్మ పుట్టుక మాత్రము ఘోరము. ఒక స్త్రీ దేహములో పదునెనిమిదేండ్లు కణితిగా నుండిపోయిన కవల అవయవములను వెలికితీసి, వైద్యుడు కూర్చిన దేహము ఆమెది. చూచుటకు పసిది; తాను పెద్దదాననని ఆమె పట్టు. లోకము ఆమె మాటను నమ్మదు. పెరుగని ఆటమ్‌కు ఆమె తోబుట్టువు. తెజుకా తన గుండ్రని గీతను విడువకయే దానితో శస్త్రచికిత్సలను, మరణములను గీసెను. చిన్ననాడు పురుగుల అవయవములను గీసిన చేయియు, వైద్యపాఠశాలలో చదివిన చదువును ఇచ్చట కలిసివచ్చెను. పాఠకులు తిరిగివచ్చిరి. పదేండ్లు ఆ కథ సాగెను.

1972నుండి 1983వరకు ఆయన బుద్ధుని చరిత్రను గీసెను. కపిలవస్తువు, కోసల, మగధ దేశములు అందు ప్రత్యక్షమగును. సిద్ధార్థునితో బాటు చాప్రా అను దాసబాలుని, తట్టా అను అంటరాని బాలుని ఆయన కల్పించెను. పుట్టుకచేత చిన్నచూపునకు గురియైన ఆ పిల్లల దుఃఖమునుండియే కథ ఆరంభమగును. మన దేశపు మహాపురుషుని కథను దూరదేశపు చిత్రకారుడు అట్టడుగు పిల్లల వైపునుండి చెప్పుట మనము గమనింపదగినది.

1988 నవంబరులో చైనాకు పోయి వచ్చిన పిమ్మట ఆయన ఆరోగ్యము పూర్తిగా చెడెను. అది ఉదరమునకు సోకిన క్యాన్సరు. ఆనాటి జపాను ఆచారము ననుసరించి రోగికి ఆ సంగతి చెప్పలేదు. ఆసుపత్రి మంచముపైనను ఆయన కాగితమును, పెన్సిలును విడువలేదు. 1989 ఫిబ్రవరి 9వ తేదీన, తన అరువదవయేట, మూడు కథలను ముగింపకయే ఆయన కన్నుమూసెను. చివరివరకు పని చేయనిమ్మనియే కోరెనని చెప్పుదురు. ఆయన వదలిపోయినవి 700కు పైగా కథలు, సుమారు 1,50,000 పుటలు. 1994లో తకరజుకాలో ఆయన పేర ప్రదర్శనశాల వెలసెను. కథలో ఆటమ్ పుట్టినదినము 2003 ఏప్రిలు 7. ఆ సంవత్సరము వచ్చినపుడు నీజా అను నగరము ఆ బొమ్మబాలుని తన నివాసిగా నమోదుచేసి గౌరవించెను.

ఆయన తరువాత ముద్దుబొమ్మ మరింత మారెను. చిబి అనబడు పొట్టిరూపమున దేహమంతయు రెండు మూడు తలల పొడవే యుండును. గంభీరముగా సాగు కథలో పాత్ర సిగ్గుపడినను, కోపించినను క్షణకాలము అట్టి పొట్టిబొమ్మగా మారి మరల మామూలగును. పెద్ద కన్ను, చిన్న దేహము ఎవ్వరైనను అనుకరింపవచ్చును. ఆ కంటివెనుక కారణమున్నప్పుడే అది నిలుచును. లేనిచో అది అలంకారము మాత్రమే.

విద్యార్థులారా! బొమ్మలు గీయువారు పురుగును పురుగుగా గీయుట ముందు నేర్వుడు. అతిశయము తరువాత వచ్చును. మీ జుట్టునో, మాటతీరునో, ఇంటిభాషనో ఎవ్వరైనను వెక్కిరించినచో, ఉంగరాల జుట్టు బాలుని నోటుపుస్తకమును తలచుకొనుడు. రెండు భాషల నడుమ పెరుగువాడు రెంటికిని రాయబారి కాగలడు. తలిదండ్రులారా! మీ పిల్లల లెక్కలపుస్తకపు అంచున బొమ్మ కనిపించినచో వెంటనే చెరుపకుడు. ఒకమారు పరిశీలించి చూడుడు. ఒక తల్లి అట్లు చూచుటవలననే లోకమునకు ఒక తెజుకా దక్కెను.